చవగ్గా వచ్చిన ఇల్లు

పైసా ఖర్చు కానంతకాలం నాకు భిన్న సంస్కృతులంటే మహా ప్రేమ. ఆ ప్రేమను మైకులో చాటుకునే అవకాశం ఏటా ఉగాదికి దొరికేది. సింగపూర్‌లో మా తెలుగు సంఘంవాళ్లు పచ్చడి పంచాక, పిల్లల కూచిపూడికీ భోజనాలకీ మధ్య కాస్త ఖాళీ మిగిలేది. వంటవాళ్లు పులిహోర కలిపేలోగా ఆ ఖాళీని పూడ్చడానికి నన్ను పిలిచేవారు. నేను ఒకే గొడుగు కింద నాలుగు జాతులని మొదలుపెట్టి, ఇంద్రధనుస్సు మీదుగా వెళ్లి, ప్రపంచానికి సింగపూర్ నేర్పే పాఠం దగ్గర దిగేవాణ్ణి. జనం గట్టిగా చప్పట్లు కొట్టేవారు. అవి నన్ను దింపడానికి కొట్టిన చప్పట్లని మా ఆవిడ మొదటి ఏడాదే చెప్పింది. నేను నమ్మలేదు.

ఆ ప్రసంగంలో తప్పకుండా మెచ్చుకునే నిబంధన ఒకటుండేది. సింగపూర్‌లో ప్రతి పదిమందిలో దాదాపు ఎనిమిది మంది ఉండేది ప్రభుత్వం కట్టిన హెచ్‌డీబీ ఫ్లాట్లలోనే. ఏ బ్లాకులో ఏ జాతివాళ్లు ఎంతవరకు ఉండవచ్చో ఒక లెక్క ఉంది. 1989 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న లెక్క అది. దాన్ని ప్రకటించిన అప్పటి మంత్రి ఎస్. ధనబాలన్ తమిళులు కావడం నా ప్రసంగానికి బాగా కలిసొచ్చేది. ఒక బ్లాకులో చైనీయులు 87 శాతం, మలయ్‌లు 25 శాతం దాటకూడదు. ఇండియన్లనీ, మిగతా చిన్నాచితకా జాతులనీ ఒకే మూటగట్టి 13 శాతం అన్నారు. 2010లో దాన్ని 15 చేశారు. వంతు నిండిందంటే ఆ జాతివాడు ఆ బ్లాకులో వేరే జాతివాడి దగ్గర కొనలేడు. తన జాతివాడి దగ్గరైతే కొనుక్కోవచ్చు. ఒకడు పోయి ఒకడు వస్తే లెక్క మారదు కదా.

ఇదెందుకు పెట్టారో కూడా నాకు కంఠతా వచ్చు. బ్రిటిష్‌వాళ్లు వచ్చిన కొత్తలో, 1822లో, రాఫిల్స్ వేయించిన పట్టణం ప్లానులోనే చైనీయులకొక పేట, అరబ్బులకొక పేట, దక్షిణ భారతం నుంచి వచ్చిన చూలియాలకొక పేట అని గీతలు గీశారు. ఎవరి పేటలో వాళ్లు పుట్టి, అక్కడే పెళ్లాడి, అక్కడే పోయేవారు. 1964 జులై 21న ప్రవక్త జయంతి ఊరేగింపులో మలయ్‌లకీ చైనీయులకీ మధ్య రేగిన కొట్లాట, మళ్లీ సెప్టెంబరులో రేగిన గొడవ కలిపి 36 ప్రాణాలు తీశాయి. ఆ తర్వాత పాత పేటలు ఖాళీ చేయించి జనాన్ని ఫ్లాట్లలో కలిపి కూర్చోబెట్టారు. అయితే ఎనభైల నాటికి వాళ్లు అమ్ముకుని, కొనుక్కుని, మెల్లగా మళ్లీ తమవాళ్ల పక్కకే చేరడం మొదలెట్టారు. బెడోక్ వైపు మలయ్‌లు, హౌగాంగ్ వైపు చైనీయులు. దాన్ని ఆపడానికే ఈ కోటా. మా కాకినాడలో ఏ వీధి ఎవరిదో ఏ కాగితం మీదా రాసి ఉండదు, కానీ రిక్షావాడి నుంచి రిజిస్ట్రారు దాకా అందరికీ తెలుసు. ఇక్కడ ఉన్న మాట కాగితం మీద పెట్టారు. ఆ నిజాయితీ నాకిప్పటికీ నచ్చుతుంది.

ఇక నా భాగోతం. 2005లో నేను ఇల్లు కొనడానికి బయల్దేరాను. మొదట బిషాన్‌లో ఒక ఫ్లాటు నచ్చింది. గాలి, వెలుతురు, కిందనే కూరగాయల మార్కెట్టు, ఆఫీసుకి ఒకటే రైలు. ఆ బ్లాకులో ఇండియన్ల వంతు నిండిపోయిందని ఏజెంటు చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. నేను పన్ను కట్టట్లేదా? డబ్బిచ్చేవాడి రంగు అడుగుతారా? ఆ రాత్రి మా ఆవిడకి మానవ హక్కుల మీద ఉపన్యాసం ఇచ్చాను. ఆవిడ పప్పు పోపు పెడుతూ, “ఉగాదికి ఇది మెచ్చుకున్నారు కదండీ” అంది. ప్రసంగం వేరు, ఫ్లాటు వేరు అన్నాను.

రెండు వారాలు తిరక్కుండా ఏజెంటు హౌగాంగ్‌లో ఇంకో ఫ్లాటు చూపించాడు. అమ్మేవాడు మలయ్ పెద్దాయన, ఓడరేవులో పనిచేసి రిటైరయ్యాడు. కూతురు ఇంకో పేటలో ఉంటుంది, భార్యకి మోకాళ్లు సరిగా లేవు, కూతురికి దగ్గరగా వెళ్లిపోదామని వాళ్ల ఆశ. ధర పక్క బ్లాకులకన్నా బాగా తక్కువ. ఎందుకని అడిగాను. “చైనీస్ వంతు నిండిపోయింది. చైనీయులకి అమ్మలేడు. కొనేవాళ్లు మలయ్‌లో, ఇండియన్లో రావాలి. వాళ్లు ఇటువైపు తక్కువగా వస్తారు” అన్నాడు ఏజెంటు.

నా బుర్ర చురుగ్గా పనిచేసింది. అదే నా ఖర్మ.

పెద్దాయన మమ్మల్ని కూర్చోబెట్టాడు. ఆయన భార్య మోకాళ్లు పట్టుకుంటూ లేచి, పండాన్ ఆకు రసంతో పచ్చగా ఉన్న కుయె మిఠాయి ముక్కలు, పాలు చక్కెర దట్టించిన టీ తెచ్చిపెట్టింది. నేను ఒక ముక్క నోట్లో వేసుకుని, కాకినాడ బట్టల కొట్లలో నేర్చుకున్న విద్యంతా బయటికి తీశాను. వంటింటి గచ్చు బాగోలేదన్నాను. లిఫ్టు మీ అంతస్తులో ఆగదు కదా అన్నాను. ఆఖర్న, “అంకుల్, మీకు చైనీయులెవరూ రారు కదా” అన్నాను. మలయ్ పెద్దవాళ్లని పాక్చిక్ అని పిలవాలని కూడా అప్పటికి నాకు తెలియదు. ఆయన భార్యకేసి చూశాడు. ఆవిడ నా కప్పులో ఇంకాస్త టీ పోసింది. ఆయన సరేనన్నాడు.

ఆ బేరం కథ నేను చెప్పని మనిషి లేడు. ఆఫీసులో చెప్పాను, ఫోన్లో బావమరిదికి చెప్పాను, గృహప్రవేశానికి వచ్చినవాళ్లకి సత్యనారాయణస్వామి ప్రసాదంతో పాటు పంచాను. అదే కోటా రేపు నేను అమ్మబోతే నా మెడకీ చుట్టుకుంటుందని నాకు తట్టలేదు. చదువుకి ఇంజినీర్ని. భారం ఎటువైపు పడుతుందో లెక్కకట్టి చెప్పినందుకే నాకు జీతమిచ్చేది.

కొత్త ఇంట్లో నా ఘనకార్యాలు చాలా ఉన్నాయి, కొన్ని చెప్తాను. హాకర్ సెంటర్‌లో తిన్న ప్లేట్లు పెట్టడానికి హలాల్‌కి ఒక అర, మిగతావాటికి ఒక అర ఉంటాయి. నేను చైనీయుల కొట్లో చికెన్ రైస్ తిని ట్రే తీసుకెళ్లి హలాల్ అరలో పెట్టాను. అక్కడ పనిచేసే ముసలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. “కోడే తిన్నాను, పంది కాదు” అని వాదించాను. పళ్లేలు కూడా వేరుగా కడుగుతారని ఆవిడ చేతులతో చూపించింది. మా నాయనమ్మ మడి గిన్నెలు ముట్టుకున్నందుకు చిన్నప్పుడు నేను తిన్న తిట్లు లెక్కలేనన్ని. ఆ చదువంతా ఏమైపోయిందో!

2011 ఆగస్టులో కూర గొడవ వచ్చింది. చైనా నుంచి కొత్తగా వచ్చిన ఒక కుటుంబం పక్కింటి ఇండియన్ల కూర వాసన భరించలేక ఫిర్యాదు చేస్తే, మధ్యవర్తుల సమక్షంలో రాజీ కుదిరిందట: వాళ్లు ఇంట్లో లేనప్పుడే ఇండియన్లు కూర వండుకోవాలి, బదులుగా వాళ్లు ఆ కూర రుచి చూడాలి. ఇది పాత సంగతే. పత్రికలో పడేసరికి ఊరంతా భగ్గుమంది. ఆగస్టు 21, ఆదివారం, అందరూ కూర వండుదామని పిలుపొచ్చింది. వేలమంది సరేనన్నారు. వాళ్లలో ఇక్కడే పుట్టి పెరిగిన చైనీయులు బోలెడుమంది. కూర తమది కూడానని వాళ్ల పట్టుదల. నేను ఆ రోజు ఉద్యమకారుణ్ణి. తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి, నానా ఘాటుగా చేపల పులుసు పెట్టాను. సంస్కృతి స్వేచ్ఛ గురించి ముగ్గురికి ఫోన్లు చేశాను.

సరిగ్గా అప్పుడే చైనీయుల ఏడో నెల నడుస్తోంది. ఆ నెలలో చనిపోయినవాళ్లు ఆకలితో భూమ్మీదికి వస్తారని వాళ్ల నమ్మకం. రోడ్డు పక్కన కొవ్వొత్తులు, నారింజ పళ్లు, అన్నం పెడతారు. ఇనుప పీపాల్లో కాగితపు నోట్లు తగలబెడతారు, పోయినవాళ్లకి పైఖర్చులకి. ఆ బూడిద ఎగిరొచ్చి, వెదురు కర్రలకి ఆరేసిన నా తెల్లచొక్కాల మీద పడింది. చేపల పులుసు ఉద్యమం ముగిసి వారం కాలేదు, నేను పొగ మీద ఫిర్యాదు రాశాను. విచారణకి ఒకతను వచ్చాడు. చొక్కాలు చూశాడు, తల ఊపాడు. వెళ్తూ వెళ్తూ కారిడారులో, మా గుమ్మానికీ పక్కింటి గుమ్మానికీ మధ్య, మా ఆవిడ ఎండబెట్టిన గుమ్మడి వడియాల పళ్లేలు చూసి ఆగాడు. కారిడారు నడవడానికి, మంట లేస్తే పారిపోవడానికి. అడ్డం పెట్టకూడదని రాసుకుని పోయాడు. నేను పెట్టిన ఫిర్యాదుతో మా ఇంటికే తాఖీదు వచ్చింది. పక్కింటి చైనీస్ ఆంటీ ఎన్నో ఏళ్లుగా ఆ పళ్లేలని చుట్టి, గోడని రాసుకుంటూ నడుస్తోందని అప్పుడు గమనించాను. ఒక్కసారి నోరెత్తలేదు. పైగా నేను ఫిర్యాదు చేసిన పీపా ఆవిడదే.

ఈ ఆంటీకీ మా నాన్నకీ కుదిరిన స్నేహం నా ఇరుగుపొరుగుతనం కన్నా ఎంతో నయం. ఆ కూర గొడవకి కొన్నేళ్ల ముందే మా నాన్న కాకినాడ నుంచి వచ్చి మా దగ్గర కొన్నాళ్లున్నాడు. అప్పుడూ ఏడో నెలే. ఒక సాయంత్రం ఖాళీ స్థలంలో పెద్ద టెంటు వేశారు, తళుకు బట్టలు వేసుకున్న పాటగత్తెలు హొక్కియెన్ భాషలో హోరెత్తిస్తున్నారు. గెటాయ్ అంటారు దాన్ని. జనం కిక్కిరిసి ఉన్నారు, వెనక నిలబడీ చూస్తున్నారు. ముందు వరస ఎర్ర కుర్చీలు మాత్రం ఖాళీ. వీళ్ల సభామర్యాద చూడండి, పెద్దలకోసం వదిలేశారు అనుకున్నాను. నాన్న చెయ్యి పట్టుకుని జనం మధ్యలోంచి తీసుకెళ్లి, “కూర్చోండి నాన్నా, మనలాంటివాళ్లకే ఉంచారు” అని ముందు వరస మధ్యలో కూర్చోబెట్టి, పక్కన నేనూ కూర్చున్నాను. పాట పాడుతున్న అమ్మాయి ఒక్క క్షణం తడబడింది. వెనక నుంచి ఏదో గొణుగుడు. నా భారతీయ వస్త్రధారణకి అబ్బురపడుతున్నారనుకున్నాను.

ఆంటీ వంగి వంగి వచ్చి నా భుజం తట్టింది. “అక్కడ కాదు లా. అవి వాళ్లవి.”

“ఎవరివి?”

“పోయినవాళ్లవి.”

నా ఒళ్లు జల్లుమంది. లేవబోయి కుర్చీ కాలికి తట్టి ఇంకాస్త రభస చేశాను. మా నాన్న మాత్రం మెల్లగా లేచి, ఆ కుర్చీకి ఒక నమస్కారం పెట్టి, వెనక్కి వచ్చి నిలబడ్డాడు. “మహాలయ పక్షంలో మనం కాకికి పిండం పెడతాం కదరా, వీళ్లు కుర్చీ వేసి పాట వినిపిస్తున్నారు. మర్యాద తెలిసినవాళ్లు” అన్నాడు. ఆయన సింగపూర్ గురించి ఒక్క పుస్తకం చదవలేదు.

ఆ తర్వాత సాయంత్రాలు ఆయనా ఆంటీ కింద, బ్లాకు అడుగున ఖాళీగా వదిలేసిన స్థలంలో సిమెంటు బెంచీ మీద కూర్చునేవాళ్లు. ఆవిడకి తియోచ్యూ వచ్చు, హొక్కియెన్ వచ్చు, మార్కెట్టుకి సరిపడా మలయ్ వచ్చు. ఈయనకి తెలుగు, టెలిగ్రాఫ్ ఆఫీసులో నేర్చిన ఇంగ్లిషు. ఎవరి భాషలో వాళ్లు మాట్లాడుకునేవాళ్లు. ఒకసారి చాటుగా విన్నాను. ఆయన మోకాలు చూపించి నువ్వుల నూనె సంగతి చెప్తున్నాడు. ఆవిడ తన మోకాలు చూపించి ఏదో తైలం గురించి చెప్తోంది. మర్నాడు ఆ సీసా మా ఇంట్లో ఉంది.

ఆంటీ మనవలు ఆవిడతో సరిగా మాట్లాడలేరు. 1979లో లీ క్వాన్ యూ ప్రభుత్వం చైనీయులంతా మాండరిన్ మాట్లాడాలని ప్రచారం మొదలుపెట్టింది. అన్ని ప్రాంతాల చైనీయులూ కలవాలంటే ఒక్క భాష ఉండాలని వాళ్ల వాదన. టీవీలో, రేడియోలో తియోచ్యూ, హొక్కియెన్ కార్యక్రమాలు క్రమంగా మూతపడ్డాయి. పిల్లలకి బళ్లో ఇంగ్లిషు, మాండరిన్. నాయనమ్మ మాట ఇంటికే పరిమితం, ఇంట్లోనూ ఒకరిద్దరికే. నాలుగు జాతుల లెక్క చక్కగా కుదరాలంటే ఒక్కో జాతి లోపల ఉన్న పది రకాలని నొక్కి చదును చెయ్యాలి. ఆ చదునులో మేమూ పడ్డాం. ఇక్కడ “ఇండియన్” అంటే ముందు తమిళం. బళ్లో మాతృభాషగా తమిళం, లేదంటే హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ. తెలుగు లేదు. మా అమ్మాయి హిందీ తీసుకుంది.

దీనిమీద నేను వీరంగం ఆడాను. ఇంటింటికీ తిరిగి సంతకాలు పోగేశాను. విజ్ఞాపన పత్రం ఇంగ్లిషులో రాశాను, బాగా రాశానని అందరూ అన్నారు. ఇంటికొచ్చి, సంతకాల కాగితాలు బల్లమీద పెట్టి, మా అమ్మాయితో ఆ ఘనత అంతా ఇంగ్లిషులో చెప్పాను. అదీ ఇంగ్లిషులోనే ఏదో అంది. మూలన కూర్చున్న మా నాన్న, “అదేమంటోందిరా?” అని అడిగాడు. మనవరాలి మాట ఆయనకి నేను తర్జుమా చేసి చెప్పాను. ఇంట్లో తెలుగు మాట్లాడొద్దని నన్నెవరూ నిషేధించలేదు. కోటా కూడా పెట్టలేదు.

మంచి కూడా చెప్పాలి, లేకపోతే నా ఉపన్యాసాలకి వ్యతిరేక దిశలో ఇంకో ఉపన్యాసం అవుతుంది. ఒక రాత్రి నాన్న బాత్రూములో జారిపడ్డాడు. తుంటి కదపలేడు. బేరంలో నేను ఎత్తిచూపిన లోపం అప్పుడు మా మీదికే వచ్చింది: పాత బ్లాకుల్లో లిఫ్టు అన్ని అంతస్తుల్లోనూ ఆగేది కాదు. ఒకటి, ఐదు, తొమ్మిది అలా. మాది ఏడు. అంబులెన్సువాళ్లు ఇద్దరే. మెట్ల మలుపులో కుర్చీ తిరగట్లేదు. కింది అంతస్తు మలయ్ కుర్రాడు లుంగీ మీదే పరిగెత్తుకొచ్చి, ఒక పక్క భుజం పెట్టాడు. ఆంటీ కొడుకు ఇంకో పక్క. ఆంటీ నాన్న కళ్లద్దాలు, చెప్పులు పట్టుకుని ముందు దిగుతూ, ప్రతి మెట్టుకీ తియోచ్యూలో కేకలేసి హెచ్చరిస్తోంది. ఐదో అంతస్తు దాకా అలా దింపారు. పేటలు విడివిడిగా ఉన్న ఊళ్లో ఆ రాత్రి నేను ఎవరి తలుపు కొట్టేవాణ్ణి? నా వాళ్ల తలుపే కొట్టేవాణ్ణి, వాళ్లూ వచ్చేవాళ్లే, కాదనను. కానీ 1964లో కొట్టుకున్న రెండు జాతుల పిల్లలు ఒకే కుర్చీకి చెరో పక్కా భుజం పెట్టడం ఆ కోటా వల్లే జరిగింది. మేమంతా ఒకే మెట్లు ఎక్కిదిగేలా ఎవరో లెక్కగట్టి పెట్టారు.

ఆ ఉగాదికి ఈ కథ చెప్పి ఆడవాళ్లని ఏడిపించాను. కుర్రాడి పేరు మాత్రం చెప్పలేకపోయాను. అడగలేదు.

అన్నిటికన్నా సిగ్గుపడాల్సింది ఇంకోటుంది. ఇల్లు కొనకముందు గది అద్దెకి తిరిగినప్పుడు, ఫోనులో నా పేరు వినగానే, “సారీ, ఇండియన్స్ వద్దు, వంట వాసన” అన్నవాళ్లు ఎందరో. ఆ అవమానం మీద నేను రాసిన వ్యాసం ఒక పత్రికలో అచ్చయింది కూడా. తర్వాత మా ఇంట్లో ఒక గది అద్దెకిద్దామనుకున్నాం. ప్రకటనలో ఏం రాయాలని ఏజెంటు అడిగాడు. “తెలుగువాళ్లయితే మంచిది, లేకపోతే కనీసం శాకాహారులు” అన్నాను. నేను చేపల పులుసు ఉద్యమకారుణ్ణి! మా ఆవిడ ఏమీ అనకుండా పాత వ్యాసం కత్తిరింపు తీసుకొచ్చి నా ముందు పెట్టింది. హైదరాబాదులో టు-లెట్ బోర్డు మీద “ఓన్లీ వెజిటేరియన్స్” చూసినప్పుడల్లా ఇప్పుడు నాకు కోపం రావట్లేదు, గుర్తుపట్టినట్టు ఉంటోంది.

ఈ కోటా లెక్కలోకి అసలు రానివాళ్లూ ఉన్నారు. ఈ ఫ్లాట్లు కట్టే కూలీలు, తమిళనాడు నుంచి, బంగ్లాదేశ్ నుంచి, కొందరు మన జిల్లాల నుంచి వచ్చినవాళ్లు, ఊరి చివర డార్మిటరీల్లో ఉంటారు. 2020లో కరోనా ఆ ఇరుకు గదుల్లోనే ఎక్కువగా అంటుకుంది. ఆదివారం వాళ్లంతా లిటిల్ ఇండియాలో చేరతారని, “ఆదివారం అటు వెళ్లొద్దు, రద్దీ” అని కొత్తగా వచ్చిన తెలుగువాళ్లకి సలహా ఇచ్చేవాణ్ణి. ఒకే గొడుగు అన్నది నేనే.

ఇల్లు అమ్మకానికి పెట్టింది 2018లో. కమీషన్ మిగుల్చుకుందామని ఏజెంటుని పెట్టుకోలేదు. ప్రకటన వెయ్యకముందే ఆంటీ తలుపు కొట్టింది. చిన్నకొడుకుకి పెళ్లి కుదిరింది, తల్లి పక్కనే ఉండాలని వాడి కోరిక, మంచి ధర ఇస్తారు. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఆ రాత్రి ధరకి తగ్గట్టు కొత్త ఫ్లాటుకి సోఫా కూడా ఎంచేశాను. మర్నాడు మా అమ్మాయి వెబ్‌సైటులో చూసి చెప్పింది: చైనీస్ వంతు నిండే ఉంది. నేను చైనీయులకి అమ్మలేను.

చిందులు తొక్కాను. కొనేవాళ్లకి ఇష్టం, అమ్మేవాడికి ఇష్టం, తల్లీకొడుకులు పక్కపక్కనే ఉంటామంటున్నారు, మధ్యలో ఈ శాతాలెవరు? ఇది ఏ న్యాయం? ఆంటీ నా కేకలు ఓపిగ్గా విని, తనకి వచ్చిన ముక్కల ఇంగ్లిషులో, తాపీగా చెప్పింది. “నీ ముందాయన అమ్మినప్పుడు కూడా మేం అడిగాం. అప్పుడు పెద్దోడి కోసం. అప్పుడూ కుదర్లేదు. నువ్వు ఇచ్చినదానికన్నా చాలా ఎక్కువ ఇద్దామనుకున్నాం.”

నాకు నోట మాట రాలేదు. ఇన్నేళ్లూ నేను నా బేరం తెలివనుకున్నది, ఆ పెద్దాయన తన ఇంటికి వచ్చే ధరలోంచి కట్టిన కప్పం. ఊరంతా కలిసి ఉండడానికి కట్టిన కప్పం. ఊరు మొత్తానికి అయ్యే ఖర్చు, వంతు నిండిన బ్లాకులో ఉన్న ఒక మలయ్ ముసలివాడి జేబులోంచి, మోకాళ్లు నొప్పిగా ఉన్న అతని భార్య జేబులోంచి పోయింది. దానిమీద నేను ఇంకాస్త కోసుకుని, కుయె తిని వచ్చాను.

చివరికి కొన్నది ఒక మలయ్ జంట. బేరమాడలేదు. ఆడాల్సిన అవసరం లేకుండా ధర నేనే తగ్గించి పెట్టాను, లేకపోతే ఎవరూ వచ్చేలా లేరు.

ఇంత పోగొట్టుకున్నాక కూడా ఈ నిబంధన తీసెయ్యాలని నేను అనను. జనాన్ని వాళ్ల మానాన వదిలేస్తే ఎవరి గూటికి వాళ్లు చేరతారు. ఎనభైల్లో చేరారు, మా కాకినాడలో ఇప్పటికీ చేరుతున్నారు. అవకాశమిచ్చి ఉంటే తెలుగువాళ్ల బ్లాకొకటి వెతుక్కుని నేనే ముందు చేరేవాణ్ణి, ఆ ముందు వరస కుర్చీలు ఎవరివో చచ్చేదాకా తెలిసేది కాదు. అయితే అందరికీ మేలు చేసే పనికి చందా కొందరి దగ్గరే వసూలు చెయ్యడం తప్పు. తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్లే అమ్ముకునేటప్పుడు ఎక్కువగా నష్టపోతున్నారని సింగపూర్ ప్రభుత్వమే పార్లమెంటులో ఒప్పుకుంది. మరీ ఇరుక్కున్న పాత యజమానుల ఫ్లాట్లను హెచ్‌డీబీయే కొనే వెసులుబాటు 2022లో తెచ్చారు. అది నాకు అందలేదు, ఆ పెద్దాయనకి అసలే అందలేదు. సగం సర్దుబాటే అయినా, కావలసింది అలాంటిదే.

సింగపూర్‌లో పాత ఫ్లాటు కొనబోయే తెలుగువాళ్లకి ఒక మాట. ఏ బ్లాకులో ఎవరి వంతు ఎంత నిండిందో ప్రతి నెలా ఒకటో తారీఖున లెక్క మారుతుంది, వెబ్‌సైటులో ఉంటుంది, కొనేముందు చూసుకోండి. ధర మరీ తక్కువగా కనిపిస్తే ఎందుకో కనుక్కోండి. అమ్మేది ఏ పాక్చిక్కో అయి, వాళ్లావిడ మోకాళ్లు పట్టుకుని లేచి కుయె తెచ్చిపెడితే, తిని, అడిగిన ధర ఇచ్చేయండి.